బోణీ ఆట

ఫిబ్రవరి 20, శుక్రవారం

నాకు కోపం రాలేదు. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను, ఎందుకంటే ఇంట్లో అందరూ వచ్చిందనే అంటున్నారు.

ఫోను దుకాణంలో గల్లాపెట్టె మీద పెట్టాను. అంతే. కొంచెం గట్టిగా పెట్టి ఉండొచ్చు. అద్దం పగిలిందంటే అది అద్దం తప్పు, ఇప్పటి ఫోన్లు అప్పడాల్లా ఉంటున్నాయి. మా దుకాణంలో స్టీలు గిన్నెను మేడ మీద నుంచి వేసినా సొట్ట పడుతుంది కానీ పగలదు. ఆ మాటే అంటే ఈయన, "అయితే గిన్నెల్ల ఆడుకో పేకాట" అన్నారు. ముకుందం స్టీల్ హౌస్ అని బోర్డు మీద తన పేరుంది కాబట్టి ప్రతిదానికీ చివరి మాట తనదే కావాలి.

ఓడింది నా వల్ల కాదు. ఆటలో ఉండేది నలుగురు, ఇద్దరిద్దరు ఒక జోడీ. పేకలో ఉన్న నాలుగు పదుల్లో ఎక్కువ ఎవరికొస్తే వాళ్ళు గెలిచినట్టు, చెరి రెండయితే చివరి పట్టు ఎవరిదో వాళ్ళు. రెండు పదులు మా చేతికొచ్చాయి, మూడోది కూడా రావాల్సిందే. నేను చిన్న ఆఠీను ముక్క వేశాను. అంటే నా దగ్గర ఆఠీన్లలో పెద్ద ముక్కలున్నాయి, అదే రంగు తెండి అని అర్థం. పసిపిల్లలకు కూడా తెలుసు. సుబ్బులు గారు తీరిగ్గా ఆలోచించి కళావరు తెచ్చారు.

సుబ్బులు గారు నా జోడీ. మాది చేవెళ్ళ, ఆవిడది మొయినాబాద్ దగ్గర చిన్న మంగళారం. బస్సెక్కితే కునుకు తీసేలోపు వస్తుంది. అయినా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. యాప్‌లో కలిశాం, యాప్‌లోనే ఉన్నాం. ఆటకు ముందు ఫోన్ చేసి "భోంచేశారా అండీ" అంటారు, ఆట అయ్యాక కూర ఏంటో అడుగుతారు. మనిషి మంచిదే. ముక్కే సరిగ్గా వేయరు.

డబ్బుల ఆట కాదు ఇది. మార్చి మధ్యలో సీజను ముగిసేసరికి వజ్రం స్థాయికి చేరిన జోడీల పేర్లు పట్టికలో వేస్తారు. మేమిప్పుడు బంగారంలో ఉన్నాం. "పట్టికల పేరొస్తే ఏమొస్తది?" అని ఈయన అడిగారు. ఆయనకేం, ఆయన పేరు బోర్డు మీద బస్టాండు దాకా కనబడుతుంది. గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను నడిపేది నేను. ఈ ఊళ్ళో సగం ఇళ్ళ గిన్నెల మీద పేర్లు నేను కొట్టినవే. నా వంటింట్లో గిన్నెల మీద మాత్రం మా అత్తగారి పేరుంది.

ఫిబ్రవరి 21

ఆడినవన్నీ పోయాయి. కోపం రాలేదు. ఎండలు ముదిరాయి, తలనొప్పి.

ఫిబ్రవరి 23, సోమవారం

బోణీ సంగతి తెలియనివాళ్ళు నన్ను అనడానికి పనికిరారు. ఈయనకు తెలుసు, అయినా అన్నారు.

పొద్దున వచ్చిన మొదటి గిరాకిని వట్టి చేతులతో పంపకూడదు. బేరమాడితే తగ్గించాలి, అవసరమైతే నష్టానికైనా ఇచ్చి పంపాలి. బోణీ బాగుంటే రోజంతా బాగుంటుంది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి వింటున్నదే ఇది. అందుకని నేను ఆటకు కూడా బోణీ పెట్టుకున్నాను. షట్టరు ఎత్తి, దేవుడికి దీపం పెట్టి, ఒక ఆట. గెలిస్తే బోణీ అయినట్టు. ఓడితే కానట్టు, అయ్యేదాకా ఆడాలి. ఇందులో తప్పేముందో నాకు తెలియలేదు.

ఈ రోజు బోణీ ఎంతకీ కాలేదు. మళ్ళీ మళ్ళీ ఆడుతుంటే మా దగ్గర్లోని ప్రొద్దుటూరు నుంచి అంతమ్మ వచ్చింది. కొడుకు పెళ్ళి పెట్టుకుంది, మూఢం పోయింది కాబట్టి సామానుకు బయల్దేరింది. వంటకు పెద్ద గంజు ఒకటి ఎత్తి చూసి ధర అడిగింది. చెప్పాను.

"జర సూస్కొని చెప్పమ్మా. పొద్దుగాల్నే వచ్చిన, బోణీ నాదే గద."

సరిగ్గా అప్పుడే సుబ్బులు గారు మళ్ళీ కళావరు తెచ్చారు.

"ఇష్టముంటే తీస్కో, లేకుంటే పో!" అన్నాను. అన్నది సుబ్బులు గారిని. ఎదురుగా నిలబడింది అంతమ్మ.

అంతమ్మ గంజును మెల్లగా కింద పెట్టింది. "గట్లనా అమ్మా. మంచిది" అని వెళ్ళిపోయింది. చప్పుడు కాకుండా పెట్టింది. అది నాకు ఎక్కువ మంటగా ఉంది.

ఈయన లోపలి నుంచి అంతా విన్నారు. "బోణీ గిరాకిని ఎల్లగొడ్తవా? మా బాపు జమానా నుంచి ఈ దుకాణంల గిట్ల కాలే. ఆ ఆట తీసెయ్. లేకుంటే గల్లా మీద నేను కూసుంట."

"కూసోండ్రి. పేర్ల మిషన్ ఎవరు నడిపిస్తరో నేను కూడ చూస్త."

ఆట తీసేయను. ఎవరి కోసమూ తీసేయను.

ఫిబ్రవరి 25, బుధవారం

మా అబ్బాయి ఆనంద్‌కుమార్ మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఈ రోజు అన్నం తింటూ నాకూ పాఠం మొదలుపెట్టాడు.

"అమ్మా, పేకల లక్ ఉంటది. ఏ ముక్కలొస్తయో నీ చేతుల లేదు, ముక్క వేసుడు నీ చేతుల ఉన్నది. మంచిగ వేసినవా లేదా, గదే చూస్కో. రిజల్ట్ చూడకు. వరుసగ పోతుంటే ఫోన్ పక్కన పెట్టు. చాట్ మ్యూట్ చెయ్."

"మరి నీ పిల్లలు ఫెయిలైతే నువ్వెందుకు మొత్తుకుంటవ్? నువ్వు పాఠం మంచిగ చెప్పినవ్ గద. రిజల్ట్ చూడకు."

పెరుగు వేసుకుని లేచిపోయాడు. నన్ను గెలవడం అంత తేలిక కాదు. కానీ చాట్ మ్యూట్ చేస్తే, సుబ్బులు గారికి చెప్పాల్సినవి నేను ఎక్కడ చెప్పాలి?

ఫిబ్రవరి 27, శుక్రవారం

చెప్పేశాను.

వజ్రం ఇంకొక్క మెట్టే. మూడు పదులూ మావే కావాల్సిన ఆట. సుబ్బులు గారు చిన్న ఇస్పేటు వేశారు. పాపం అడుగుతున్నారు కదా అని నా ఇస్పేటు రాజును తీసి వాళ్ళ ముందు పెట్టాను. ఆవిడ దగ్గర ఇస్పేట్లలో పెద్ద ముక్క ఒక్కటీ లేదు. రాజు పోయింది, దాంతో పది పోయింది, ఆట పోయింది. లేనప్పుడు అడగడమెందుకు?

చాట్‌లో రాశాను. "మీకు పేకాట రాదు. ఇంట్లో కూర్చుని వత్తులు చేసుకోండి."

ఆవిడ పేరు పక్కన పచ్చ చుక్క కాసేపు ఉంది. తర్వాత ఆరిపోయింది.

ఒకరు చెప్పాల్సిందే. కోపంతో అన్నది కాదు, ఉన్న మాట.

ఫిబ్రవరి 28

పచ్చ చుక్క లేదు.

మార్చి 1

లేదు. నేను చూడలేదు, ఫోను తెరిస్తే కనబడిందంతే.

మార్చి 3, మంగళవారం

జోడీ లేకపోతే యాప్ ఎవరో ఒకరిని కలుపుతుంది. ఈ రోజు దీపు అనే పేరుతో ఎవరో వచ్చారు. ఆడో మగో తెలియదు, కూర ఏంటో అడగలేదు. ముక్కలు చకచకా పడ్డాయి, గెలిచాం. మళ్ళీ గెలిచాం. హాయిగా ఉంది. ఇన్ని రోజులు సుబ్బులు గారిని అనవసరంగా మోసుకు తిరిగాను.

తర్వాతి ఆటలో నేను తురుపు ముక్క తొందరపడి వేశాను. ఒక్క ముక్క. దీపు రాసిన సందేశం: "ఆంటీ, మీరు పోయి పడుకోండి."

నా వయసు నేనెక్కడా రాయలేదు.

కోపం రాలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి, అది రోడ్డు పనుల దుమ్ము. దుకాణం ముందంతా తవ్విపెట్టారు.

మార్చి 5

సుబ్బులు గారికి నేను ఫోన్ చేయను. నాకేం అవసరం? చేస్తే ఎత్తలేదు.

మార్చి 7, శనివారం

మొయినాబాద్‌లో పని ఉండి వెళ్ళాను.

పనేంటో ఈయన అడగలేదు. పొద్దున నేను మిషను ముందు కూర్చుని టిఫిన్ డబ్బా మూత మీద సుబ్బులు అని కొడుతుంటే చూశారు. ఆవిడ ఎప్పుడో ఫోన్లో చెప్పిన గుర్తులు పట్టుకుని ఆనంద్ బండి మీద తీసుకెళ్ళి వాళ్ళ గేటు దగ్గర దింపి కాలేజీకి వెళ్ళాడు. దింపేటప్పుడు "జర మెల్లగ మాట్లాడు అమ్మా" అన్నాడు. నేనెప్పుడు గట్టిగా మాట్లాడాను?

తలుపు తీసింది వాళ్ళాయన రామలింగేశ్వరరావు గారు. కంప్యూటర్ కంపెనీలో చేసి రిటైరయ్యారు, ఎప్పుడో తొంభైల్లో గుడివాడ వైపు నుంచి వచ్చారు. ఇవన్నీ నాకు ఫోన్లో తెలిసినవే. నేను పేరు చెప్పగానే ఆయన ఇట్టే గుర్తుపట్టారు. "ఓ, మీరేనా!" అన్నారు. ఆ "మీరేనా"లో ఏం విని ఉంటారో నాకు అర్థమైంది.

సుబ్బులు గారు లావుగా ఉంటారనుకున్నాను. సన్నగా, గట్టిగా, బడి టీచరులా ఉన్నారు. సోఫాలో కూర్చుని ఒళ్ళో పళ్ళెం పెట్టుకున్నారు. పళ్ళెంలో పత్తి.

"రండి వసంత గారూ. వత్తులు చేసుకుంటున్నాను" అన్నారు.

నవ్వలేదు. గుమ్మంలో నా గొంతు విని మొదలుపెట్టారో, శనివారం కాబట్టి చేస్తున్నారో ఇప్పటికీ తెలియదు. అడగను కూడా.

"డబ్బా తెచ్చిన. మూత మంచి బిర్రుగుంటది" అన్నాను. దారి పొడవునా అనుకున్న మాటలు వేరే. నోట్లోంచి వచ్చినవి ఇవి.

ఆవిడ మూత మీద తన పేరు చూసుకున్నారు. వేలితో తడిమారు. డబ్బా పక్కన పెట్టి అప్పుడు మొదలుపెట్టారు.

"మీకొక్కరికే కోపం వస్తుందనుకుంటున్నారా అండీ? నాకు రోజూ వచ్చేది. మీరు టైపు చేశారు, నేను మింగాను. అంతే తేడా."

"మీకెందుకు కోపం? ఆట పోగొట్టేది..." అని ఆపేశాను. మెల్లగా మాట్లాడమన్నాడు కదా.

"నేనా పోగొట్టేది? చిన్న ముక్క వేసి ఈ రంగు నాకొద్దు మహాప్రభో అని చెబితే, ఏరి కోరి అదే రంగు తెచ్చి నా నెత్తిన పోస్తారు! మొన్న ఇస్పేటు రాజును తెచ్చి బలి పెట్టారు. కావాలనే చేస్తున్నారేమో, పంతమేమో అనుకున్నాను."

నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"చిన్న ముక్క వేస్తే వద్దనా?"

"వద్దనే కదండీ. కావాలంటే పెద్ద ముక్క వేసి చూపిస్తాం."

"కావాలంటే చిన్నది వేస్తం. పెద్ద ముక్క ఎవరన్న పడేస్కుంటరా? పెద్ద ముక్క దాస్కుంటం గద!"

రామలింగేశ్వరరావు గారు పేపరు కింద పెట్టి లేచి లోపలి నుంచి పేక పట్టుకొచ్చారు. నేల మీద కూర్చుని ముక్కలు పంచుకుని ఒక్కొక్కటీ వేసి చూశాం. నేను తెమ్మన్నవన్నీ ఆవిడ వద్దన్నట్టు విన్నారు. ఆవిడ వద్దన్నవన్నీ నేను తెచ్చిపెట్టాను. మా మేనత్తల దగ్గర నేను నేర్చుకున్నది ఒక తీరు, వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఆవిడ నేర్చుకున్నది దానికి సరిగ్గా తలకిందులు. లోకమంతా నాలాగే ఆడుతుందని నేను, తనలాగే ఆడుతుందని ఆవిడ. ఒక్కసారి కూడా అడగలేదు, ఇద్దరిలో ఒక్కరం కూడా.

"ఇలా ఆడి బంగారం దాకా ఎలా వచ్చారర్రా మీరు?" అని ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఇకమీదట ఎవరి తీరు ఆడాలని ఇంకో పోట్లాట పెట్టుకున్నాం. ఆవిడ అమ్మమ్మను తెచ్చారు, నేను మేనత్తలందరినీ దించాను. చివరికి "సరే, మీ తీరే ఆడుదం" అన్నాను.

ఎందుకు ఒప్పుకున్నానంటే, క్షమించమని అడగడం కన్నా అది నాకు తేలిక. ఆవిడకు ఆ సంగతి తెలిసినట్టే ఉంది. డబ్బా తీసి లోపల పెట్టుకుని, దోసె పోసి పెట్టారు. పచ్చడిలో బెల్లం వేశారు. ఆ మాట మాత్రం అనలేదు నేను.

మార్చి 9, సోమవారం

పచ్చ చుక్క వెలుగుతోంది.

బోణీ ఆట ఓడాం. అలవాటుగా ఇంకోటి మొదలుపెట్టబోతే సుబ్బులు గారు ఫోన్ చేశారు.

"ఆగండి. ఓడితే ఫోను పక్కన పెట్టి టీ తాగాలి, ఆ తర్వాతే ఇంకో ఆట."

"బోణీ కాకుంట ఎట్ల ఆపుతం?"

"ఎందుకు కాలేదండీ? బోణీ బేరం నష్టానికైనా ఇస్తామని మీరే కదా చెప్పారు. నష్టం వచ్చినా బోణీ బోణీయేగా. మరి ఆట ఓడితే ఎందుకు కాదు?"

వ్యాపారం ఎరగని ఇంటి నుంచి వచ్చిన మనిషి నాకు బోణీ గురించి చెప్పడమా అనుకున్నాను. అనుకుంటూనే టీ పెట్టుకున్నాను.

చేతికి అందేలా ఉంటే మళ్ళీ తీస్తానని, ఫోనును షోకేసులో పెట్టిన ప్రెషర్ కుక్కరులో వేసి మూత బిగించాను. మధ్యాహ్నం ఈయన ఆ కుక్కరునే ఒకాయనకు చూపిస్తున్నారు. మూత ఎంత గట్టిదో చెబుతుండగా లోపల ఫోను మోగింది. గిరాకి రెండడుగులు వెనక్కి వేశాడు. ఈయన నా వైపు చూసిన చూపు రాయడానికి మాటలు లేవు. కుక్కరు మాత్రం అమ్ముడుపోయింది.

మార్చి 11

గెలిచాం. టీ అవసరం పడలేదు, అయినా తాగాం.

మార్చి 12

ఓడాం. టీ. పళ్ళు కొరుక్కున్నాను, అది కోపం కాదు.

మార్చి 14, శనివారం

రేపటితో సీజను ఆఖరు. రేపటి ఆట గెలిస్తే వజ్రం.

రెండు స్టీలు గ్లాసులు తీసి రెండింటి మీదా పేర్లు కొట్టాను. వసంత, సుబ్బులు. నా పేరు కొట్టేటప్పుడు మొదటి అక్షరం కొంచెం వంకర పోయింది. ఇంత కాలం మిషను నడిపి, అలవాటు లేని పేరు అదొక్కటే. కింద ఒక వరుస ఖాళీ వదిలాను, వజ్రం జోడీ అని కొట్టడానికి.

"గెలువక ముందే గ్లాసులా?" అన్నారు ఈయన.

"జాగ వదిలిన గద. గెలిచినంకనే కొడ్త."

మార్చి 15, ఆదివారం

ఓడిపోయాం.

నా వల్ల. ఇది కూడా ముందే రాసిపెడుతున్నాను.

మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు కూర్చున్నాం. రెండు జోడీలకూ ఒక్కో పది వచ్చింది, తర్వాతిది మాకు. ఇంకొక్క పది పడితే అయిపోయింది. నా చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను రాజు. సుబ్బులు గారు ఆఠీన్లు తెస్తే చాలు, వజ్రం. ఆవిడ తీరు ప్రకారం పెద్ద ముక్క వేసి అడగాలి. రాజును వేయాలి. నాకు తెలుసు. అన్ని రోజులూ అలాగే ఆడాను. వేలు వెళ్ళి చిన్న ఆఠీను మీద పడింది. మేనత్తల అలవాటు, ఎక్కడికి పోతుంది?

ఆవిడ నేను వద్దన్నానని నమ్మారు. ఒప్పందం ప్రకారం, తప్పు లేకుండా, బుద్ధిగా కళావరు తెచ్చారు. వాళ్ళు తురుపు కొట్టారు. ఆ పది పోయి చెరి రెండయ్యాయి, దాని వెనకే చివరి పట్టు కూడా పోయింది. నా ఆసు, రాజు దేనికీ పనికిరాకుండా పోయాయి.

ఫోన్ మోగింది. ఎత్తాను. వాళ్ళింట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఆవిడ ఏమైనా అనొచ్చు, నేను అన్నదానికి పదింతలు అనొచ్చు. అనమనే చెవి పెట్టుకుని నిలబడ్డాను.

"వసంత గారూ."

"చెప్పుండ్రి."

"పత్తి మా ఇంట్లో చాలా ఉందండీ. వచ్చేయండి, ఇద్దరం కూర్చుని వత్తులు చేసుకుందాం."

నవ్వాను. నవ్వుతుంటే ఏడుపొచ్చింది, రోడ్డు పనులు ఆదివారం ఉండవు కాబట్టి దుమ్ము అనడానికి లేదు.

కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఇన్నాళ్ళూ కూడా వచ్చింది. అంతమ్మ మీద రాలేదు, దీపు మీద కొంచెమే వచ్చింది, సుబ్బులు గారి మీద చాలా వచ్చింది, ఈ రోజు నా మీద వచ్చింది. ఫోనును గల్లాకేసి కొట్టాలని చేయి లేచింది. లేచింది కానీ కొట్టలేదు. ఫోనులో ఇంకా ఆవిడ ఉన్నారు.

కాసేపటికి యాప్ అడిగింది, ఇదే జోడీతో కొనసాగుతారా అని. ఇద్దరం నొక్కాలి. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే ఆవిడ నొక్కేశారు.

మార్చి 16, సోమవారం

పొద్దున్నే మిషను ముందు కూర్చున్నాను. రెండు గ్లాసుల మీదా ఖాళీ వరుసలో కొట్టాను. ఓడిన జోడీ. ఈసారి అక్షరం వంకర పోలేదు. సుబ్బులు గారి గ్లాసు పేపర్లో చుట్టి ఆనంద్‌కు ఇచ్చాను. నాది షోకేసులో ముందు వరుసలో పెట్టాను.

"ఓడినోల్లకు కప్పు ఎవలిస్తరు?" అన్నారు ఈయన.

"దుకాణం మనదే గద."

ఆయన గ్లాసు తీసి చూశారు, నా పేరు చదివారు. అక్కడి నుంచి తీసేస్తారనుకున్నాను. తుడిచి అక్కడే పెట్టారు.

అప్పుడు అంతమ్మ వచ్చింది. గోనెసంచిలో గంజు తెచ్చింది. మా గంజు కాదు, అవతలి దుకాణంలో కొన్నది. పేర్లు కొట్టే మిషను మా దగ్గరే ఉంది, అందుకొచ్చింది. నా ముందు పెట్టి గర్వంగా చూసింది. ఆమె హక్కు అది.

"కొడుకు పేరు, కోడలి పేరు కొట్టు" అంది.

"కూసో అక్క. ఆ దినం నిన్ను అట్ల అనొద్దుండె. చాయ్ తాగుతవా?"

"తాగుత" అని స్టూలు లాక్కుంది. పేర్లు కొడుతుంటే షోకేసు వైపు వేలు చూపింది. "గా గ్లాసు మీదేం రాసినవ్?"

"వసంత, సుబ్బులు. ఓడిన జోడీ."

"ఓడినోల్లు గూడ పేర్లు కొట్టిచ్చుకుంటరా?"

"మిషన్ నా చేతుల ఉన్నది అక్క" అన్నాను.

ఆమె ముక్కున వేలేసుకుంది. తర్వాత ఆ గ్లాసు ధర అడిగింది. అది అమ్మేది కాదని చెప్పాను. బేరమాడింది. అయినా ఇవ్వలేదు.

అన్నట్టు, ఆమె రాకముందే కొత్త సీజనులో మొదటి ఆట ఆడాం, కింది మెట్టు వెండి నుంచి మళ్ళీ. ఓడాం. బోణీ అయింది.